పడవలో విందు, ఒడ్డున ఎర్ర గుర్తు

నది మీద పడవలో కూర్చుని సాయంత్రం భోజనం చేయడం పాపమా? కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాం. పేదల పక్షాన పాస్టర్లు నోరు తెరవగానే "వీళ్లకు సంతోషమంటేనే గిట్టదు" అనేవాళ్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు. మన ప్రభువు విందులకు దూరంగా తిరిగినవాడు కాడు. కానాలో పెళ్లి భోజనానికి వెళ్లాడు. మత్తయి ఇంట్లో సుంకరులతో కలిసి తిన్నాడు. పడవనే ప్రసంగ వేదిక చేసుకున్నాడు. పునరుత్థానం తరువాత తిబెరియ సముద్రం ఒడ్డున నిప్పులు రాజేసి, రాత్రంతా వల లాగి అలసిన శిష్యులకు చేపలు కాల్చి పెట్టాడు. నీళ్ల పక్కన తిండి, చల్లగాలి, నలుగురితో కబుర్లు దేవుడిచ్చిన వరాలే.

మా ప్రశ్న వేరు. ఆ పడవ అందంగా తిరగడానికి ఒడ్డు మీద నుంచి ఎవరిని లేపారు? లేపేటప్పుడు వాళ్లకు ఏం చెప్పారు? లేపాక నది బాగుపడిందా? ఈ మూడింటికీ జవాబు చెప్పలేని విందును అభివృద్ధి అని పిలవడానికి మేము ఒప్పుకోం.

అహ్మదాబాదులో సబర్మతి నది మీద 2023 జూలైలో రెండంతస్తుల విహార నౌక మొదలైంది. సంగీతం, వేడి వేడి భోజనం, రెండు గట్ల మీదా దీపాల వరుస. ఇప్పుడు నది ఉన్న ప్రతి నగరంలో నాయకులకు అదే కల. మన తెలుగువాళ్ల వరకు వచ్చేసరికి ఆ కల హైదరాబాదు మూసీ మీద వాలింది.

మేము ఈ మాటలు రాస్తున్నది బళ్లారి కంటోన్మెంట్ నుంచి. మా ఊళ్లో నది లేదు. దగ్గర్లో ఉన్న హగరి ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక మేటే. మేము తాగేది తుంగభద్ర నీళ్లు. అవి కాలువ మీదుగా వచ్చి, చెరువులో నిలిచి, వంతుల వారీగా కుళాయికి చేరతాయి. నది లేని ఊరివాళ్లకు మూసీతో ఏం పని అని అడగొచ్చు. రెండు కారణాలున్నాయి.

మొదటిది బంధుత్వం. 1953లో పాత బళ్లారి జిల్లాను విడదీసి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలను ఆంధ్రకూ, బళ్లారిని మైసూరుకూ ఇచ్చారు. గీత గీశారు కానీ మనుషులు తెగిపోలేదు. ఈ సరిహద్దు ఊళ్ల నుంచి కూలి కోసం, కొలువు కోసం హైదరాబాదు వెళ్లినవాళ్లు ఎందరో. నగరంలో ఎక్కడ అద్దె తక్కువో అక్కడే చేరతారు. అద్దె తక్కువ ఉండేది మురుగు పక్కనే.

రెండోది, మేము తాగే ప్రతి గుక్క వెనుక మునిగిన ఊళ్లున్నాయి. తుంగభద్ర ఆనకట్టకు 1945లో శంకుస్థాపన జరిగింది. 1953 నాటికి నీళ్లు నిలిచాయి. ఆ జలాశయం కింద సుమారు 90 గ్రామాలు పోయాయి. 50 వేల మందికి పైగా ఇల్లూ వాకిలీ వదిలి కదిలారు. ఆ నీళ్లతో కర్ణాటకలో, రాయలసీమలో, తెలంగాణలో పొలాలు పండాయి. కాబట్టి "అందరి మేలు కోసం కొందరు కదలాలి" అనే మాటను మేము తేలిగ్గా తోసెయ్యం. ఆ మాట బరువు మాకు తెలుసు. తాగునీటి కోసం, అన్నం కోసం ఊరు ఖాళీ చెయ్యమని అడగడం ఒకటి. వేరొకరి సాయంత్రపు షికారు కోసం అడగడం మరొకటి. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో తూచవద్దు.

మూసీని మురికి చేసింది ఎవరు?

మూసీ వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో పుడుతుంది. హైదరాబాదును దాటి, నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబరు 28న ఆ నదికి వచ్చిన వరదలో సుమారు 15 వేల మంది చనిపోయారని చెబుతారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఆనాడు ఎక్కినవాళ్లను కాపాడిందని నగరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆ ఆలోచనలోంచి పుట్టాయి. అంటే పాలకులు మూసీని చూసి ఒకప్పుడు మనుషుల ప్రాణం గురించి, తాగునీటి గురించి ఆలోచించారు.

ఆ రెండు జలాశయాల దిగువన ఇప్పుడు నదిలో పారేది చాలా వరకు నగరపు మురుగే. 2021లో ప్రభుత్వం చెప్పిన లెక్క చూడండి. నగరం, చుట్టుపక్కల ప్రాంతం కలిపి రోజుకు సుమారు 1,950 మిలియన్ లీటర్ల మురుగు వస్తుంటే, శుద్ధి చేసే సామర్థ్యం 772 మిలియన్ లీటర్లు. ఆ తరువాత కొత్త శుద్ధి కేంద్రాలు కట్టడం మొదలుపెట్టారు, అది మెచ్చుకోవలసిన పనే. కానీ ఇన్ని దశాబ్దాలు ఆ మిగతా మురుగంతా ఎక్కడికి పోయింది? నాలాల గుండా మూసీలోకే.

ఆ మురుగు ఎవరిది? బహుళ అంతస్తుల అపార్ట్‌మెంట్లది, హోటళ్లది, ఆసుపత్రులది, ఫ్యాక్టరీలది, కార్యాలయాలది, మన ప్రార్థన మందిరాలది కూడా. మూసా నగర్‌లో, శంకర్ నగర్‌లో రెండు గదుల ఇంట్లో ఆరుగురు ఉంటూ, బిందె నీళ్లు ఆచి తూచి వాడుకునే కుటుంబం ఎంత మురుగు పుట్టిస్తుంది? నగరమంతా తన మలినాన్ని నదిలోకి వదిలి, ఆ వాసన భరిస్తూ ఒడ్డున బతికినవాళ్లను చూపించి "వీళ్ల వల్లే నది పాడైంది" అంటోంది. యెహెజ్కేలు గ్రంథం 34వ అధ్యాయంలో దేవుడు బలిసిన గొర్రెలను నిలదీస్తాడు. తేట నీళ్లు మీరు తాగి, మిగిలినవాటిని కాళ్లతో తొక్కి బురద చేసి, నా బలహీనమైన గొర్రెలు ఆ బురదే తాగాలా అని అడుగుతాడు. మూసీ గురించి ఇంతకంటె సూటి మాట మాకు ఎక్కడా కనపడలేదు.

ఒడ్డునున్నవాళ్లు మురికి పక్కన ఊరికే కూర్చోలేదు. అక్కడ దోభీ ఘాట్లున్నాయి. నగరానికి పాలిచ్చే గేదెలకు ఆ నీళ్లతో గడ్డి పెంచి అమ్మే రైతులున్నారు. దిగువన ఆ నీళ్లతోనే వరి పండించే ఊళ్లున్నాయి. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, ఆటోవాళ్లు, తోపుడుబండ్లవాళ్లు, మెకానిక్కులు ఆ బస్తీల నుంచే నగరంలోకి నడిచి వెళ్తారు. ముస్లింలు, దళితులు, వెనుకబడిన కులాలవాళ్లు ఒకే గోడకు రెండు వైపులా ఉంటారు.

2017లో మూసీ నదీతీర అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేశారు. ప్రభుత్వం మారింది. 2024లో కొత్త ప్రభుత్వం పనిని వేగంగా ఎత్తుకుంది. 55 కిలోమీటర్ల మేర నదీతీరాన్ని మారుస్తామన్నారు. లక్షన్నర కోట్లన్న అంకె వినపడింది, దాని మీద అధికార పక్షానికీ ప్రతిపక్షాలకూ పెద్ద వాగ్వాదం నడిచింది. ఆ ఏడాది సెప్టెంబరులో సర్వే బృందాలు వచ్చి ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేశాయి. సుమారు పది వేల కట్టడాలు లెక్కలోకి వచ్చాయి. అక్టోబరు మొదట్లో చాదర్‌ఘాట్ వైపు ఖాళీ అయిన ఇళ్లను కూల్చడం మొదలైంది. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, రిజిస్ట్రేషన్ కాగితం పట్టుకుని జనం వీధుల్లోకి వచ్చారు. ఇన్నేళ్లు పన్ను తీసుకున్న చేతే ఇప్పుడు ఆక్రమణదారుడు అంటోందేమిటని వాళ్లు అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు రావాలి.

మనుషులను లేపితే నది బాగుపడుతుందా?

ఇది ఇదివరకే ప్రయత్నించి చూసిన పద్ధతి. 1990ల చివర్లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 'నందనవనం' అనే పేరుతో మూసీని అందంగా చేస్తామని బయలుదేరింది. ఒడ్డున ఉన్న కొన్ని బస్తీలవాళ్లను నగరం అంచుకు తరలించింది. మనుషులు వెళ్లారు. నంది వర్ధనాలు, గులాబీలు పూస్తాయన్న చోట మురుగు అలాగే పారింది. పాతికేళ్ల తరువాత మళ్లీ అదే నది, అదే మాట. పేదల్ని కదపడానికి ఒక్క వారం చాలు. మురుగునీటి పైపులు వెయ్యడానికి ఏళ్లు పడుతుంది. తేలికైనది ముందు చేసి, కష్టమైనదాన్ని వాయిదా వేస్తారు. మా అసలు అభ్యంతరం ఈ వరుస మీదే.

సబర్మతి సంగతీ చూద్దాం. అక్కడ నదీతీర పథకం కోసం పది వేలకు పైగా కుటుంబాలు కదిలాయి. వాళ్ల తరఫున 2005లో గుజరాత్ హైకోర్టుకు వెళ్తే గానీ పునరావాసం గురించి గట్టిగా మాట్లాడలేదు. చాలామందికి నగరం అంచున, పనికి దూరంగా ఇళ్లిచ్చారు. ఇక ఆ పడవ తేలే నీళ్లు? అవి చాలా వరకు కాలువ ద్వారా తెచ్చి నింపిన నర్మద నీళ్లు. వాసణా బ్యారేజి దగ్గర ఆపి ఉంచుతారు. ఆ బ్యారేజి దాటి కిందికి వెళ్తే మురుగు, ఫ్యాక్టరీల రసాయనాలు. 2021లో గుజరాత్ హైకోర్టు సబర్మతి కాలుష్యం మీద తనంత తానుగా కేసు చేపట్టింది. ముందుభాగంలో తివాచీ పరిచి, చెత్తను వెనకింటికి ఊడ్చినట్టుంది.

మూసీకి ఇలాగే జరిగితే పడవ హైదరాబాదులో తిరుగుతుంది, మురుగు నల్గొండ పొలాల్లోకి పోతుంది. పడవలో తినేవాళ్లకు వాసన రాదు. అక్కడ వరి నాటే ఆడవాళ్ల చేతులకు దురద పోదు.

లండన్‌లో చూసినవి, చూడనివి

2024 జనవరిలో తెలంగాణ ముఖ్యమంత్రి లండన్ వెళ్లి థేమ్స్ నదిని చూసే అధికారులతో మాట్లాడారు. అదే ఏడాది అక్టోబరులో మంత్రులు, అధికారులు, పాత్రికేయులు దక్షిణ కొరియా రాజధాని సియోల్ వెళ్లి హాన్ నదినీ, చియోంగ్యేచియోన్ వాగునూ చూసి వచ్చారు. పోయి చూడటం మంచిదే. ఒడ్డుతో పాటు భూమి కింద ఏముందో కూడా చూడాలి.

1858 వేసవిలో థేమ్స్ కంపుకు బ్రిటిష్ పార్లమెంటు సభ్యులు కూర్చోలేకపోయారు. అప్పుడు వాళ్లు చేసిన పని ఒడ్డున దీపాలు పెట్టడం కాదు. జోసెఫ్ బేజల్‌గెట్ అనే ఇంజనీరుకు పని అప్పగించి నగరం కింద పెద్ద మురుగు కాలువలు తవ్వించారు. అయినా 1957 నాటికి నగరం మధ్య థేమ్స్‌లో జీవం లేదని శాస్త్రవేత్తలు తేల్చారు. మళ్లీ శుద్ధి కేంద్రాలు బాగుచేశారు, చేపలు తిరిగి వచ్చాయి. ఈమధ్యనే ఆ నగరం కింద 25 కిలోమీటర్ల కొత్త మురుగు సొరంగం పూర్తి చేశారు. ఇప్పటికీ ఆ పని అయిపోలేదు. సాయంత్రపు పడవ ఆ నూట యాభై ఏళ్ల పని మీద తేలుతోంది. మన నాయకులకు పడవ కనపడింది, సొరంగం కనపడలేదేమో.

సియోల్ వాగు కథా అంతే. 2003-2005 మధ్య దాని మీదున్న రహదారిని తీసేసి వాగును వెలికి తెచ్చారు. చూడముచ్చటగా ఉంది. అందులో పారే నీళ్లలో ఎక్కువ భాగం హాన్ నది నుంచి మోటార్లతో ఎత్తిపోసేవి. అక్కడ వ్యాపారం చేసుకునే వీధి వర్తకులు చోటు కోల్పోయి పోరాడారు. మనకు చూపించే ఫొటోల్లో వాళ్లు ఉండరు.

మునిగినప్పుడు ఎవరు వస్తారు?

పడవ విందు గురించి మాట్లాడుతూ ప్రాణం సంగతి మరవకూడదు. 1989 ఆగస్టు 20న థేమ్స్ మీద అర్ధరాత్రి దాటాక విందు చేసుకుంటున్న 'మార్షియొనెస్' అనే పడవను ఇసుక తోడే ఓడ ఢీకొంది. 51 మంది చనిపోయారు. ఆ తరువాత విచారణలు జరిగాయి. 2002 నుంచి ఆ నది మీద ప్రాణరక్షక పడవల కేంద్రాలు పనిచేస్తున్నాయి.

మన దగ్గర 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో, అనుమతి లేని పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. రెండేళ్లు తిరగకుండానే, 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరద మీద ఉండగా పాపికొండలు చూడటానికి బయలుదేరిన 'రాయల్ వశిష్ఠ' పడవ దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగింది. అందులో 77 మంది ఉన్నారు. 26 మంది బతికారు. పడవను ధర్మాడి సత్యం బృందం బయటికి లాగింది అక్టోబరు 22న, అంటే 37 రోజుల తరువాత.

ఆ 26 మందిని బయటికి లాగింది ఎవరు? కేకలు విని సొంత నాటు పడవలు వేసుకుని వచ్చిన ఒడ్డు ఊళ్లవాళ్లు, గిరిజనులు. ఆ మండలంలో చాలా ఊళ్లు పోలవరం ముంపులో ఉన్నవే. రేపు ఎక్కడుంటామో తెలియనివాళ్లు ఇవాళ మునిగేవాళ్ల చెయ్యి పట్టుకున్నారు. నది గుణం, సుడి ఎక్కడ ఉంటుంది, నీళ్లు ఎప్పుడు తిరగబడతాయి అన్నవి ఒడ్డున తరతరాలుగా బతికినవాళ్లకే తెలుసు. వాళ్లను ఒడ్డు మీద నుంచి తుడిచేసి, కొత్తగా కొన్న విహార నౌకను కాంట్రాక్టరుకు అప్పగించే నగరం తన ప్రయాణికులకు కూడా ద్రోహం చేస్తోంది.

నాబోతు ద్రాక్షతోట

రాజుల మొదటి గ్రంథం 21వ అధ్యాయం మనందరికీ తెలిసినదే. అహాబు రాజుకు తన నగరు పక్కనున్న నాబోతు ద్రాక్షతోట కావాల్సి వచ్చింది. దేనికి? కరువు తీర్చడానికి కాదు, కోట కట్టడానికి కాదు. కూరతోట వేసుకోవడానికి. ఊరికే ఇవ్వమని కూడా అడగలేదు. అంతకంటె మంచి తోట ఇస్తానన్నాడు, లేదంటే డబ్బు ఇస్తానన్నాడు. ఇప్పటి భాషలో దాన్ని పునరావాస ప్యాకేజీ అంటారు. నాబోతు వద్దన్నాడు. అది పితరుల స్వాస్థ్యం, దానికి వెల కట్టలేం అన్నాడు.

ఆ తరువాత జరిగిందంతా పైకి చట్టం ప్రకారమే. రాజముద్ర వేసిన తాకీదులు వెళ్లాయి. ఊరి పెద్దలు సభ పెట్టారు. ఇద్దరు సాక్షులు నిలబడ్డారు. తీర్పు వచ్చింది. నాబోతును నేరస్థుడిని చేశాకే తోట స్వాధీనమైంది. యెజెబెలు చేతికి ఒక్క రాయి అంటలేదు. ఏలీయా వచ్చి అడిగేదాకా అహాబుకు ఏ తప్పూ కనపడలేదు.

ఇవాళ నాబోతును నేరస్థుడిని చేసే పదం 'ఆక్రమణదారుడు'. ఆ పదం ఒకసారి అంటించాక మిగిలిన పనంతా తేలికైపోతుంది. చెరువు శిఖంలో విల్లాలు కట్టినవాడికి పట్టా, నోటీసు, స్టే, వకీలు అన్నీ దొరుకుతాయి. ఏటి ఒడ్డున రేకుల ఇల్లు కట్టుకున్నవాడికి గోడ మీద ఎర్ర గుర్తే దొరుకుతుంది.

ఎదురయ్యే ప్రశ్నలు

"వరద వస్తే వాళ్లే కదా కొట్టుకుపోయేది?" నిజం. 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్లు వచ్చాయి, చాదర్‌ఘాట్ పక్క బస్తీలు మునిగాయి. నదీగర్భంలో ప్రాణభయంతో ఉన్న కుటుంబాలకు సురక్షితమైన ఇల్లు ఇవ్వాలని మేమూ అడుగుతున్నాం. వరద భయంతో ఒక పేదవాడి ఇల్లు తీసేసిన చోట రేపు షాపింగ్ కాంప్లెక్సు, ఫుడ్ కోర్టు లేవకూడదు. అక్కడ లేస్తే వరద మాట సాకు మాత్రమే. నదికి వదిలిన చోటు నదికే ఉండాలి.

"డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు ఇస్తున్నారు కదా?" కొందరికి ఇచ్చారు, కొందరు సంతోషంగానే వెళ్లారు. వాళ్లను మేము తప్పుపట్టం. కానీ ఇల్లంటే నాలుగు గోడలే కాదు. ఉదయం ఐదిళ్లలో అంట్లు తోమే తల్లికి ఆ ఐదిళ్లు నడిచి వెళ్లేంత దగ్గర్లో ఉండాలి. పిల్లల బడి, అప్పు ఇచ్చే కిరాణా కొట్టు, రాత్రి జ్వరం వస్తే తలుపు కొట్టగలిగే పక్కింటివాళ్లు కూడా ఇంట్లో భాగమే. 1985లో బొంబాయి ఫుట్‌పాత్ నివాసుల కేసులో సుప్రీంకోర్టు జీవనోపాధి హక్కు జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆ తీర్పు వచ్చి నలభై ఏళ్లయింది.

"పర్యాటకం పెరిగితే ఉద్యోగాలు రావా?" వస్తాయి. పడవలో వడ్డించే కుర్రాడికి, వంట పాత్రలు కడిగే అమ్మకు, ఒడ్డున ఊడ్చే మనిషికి. లేపేసినవాడి పిల్లలే తమ పాత ఇంటి చోట పళ్లేలు ఎత్తాలా? ఆ దుకాణాల్లో, ఆ పడవల్లో వాళ్లకు యజమానులుగా వాటా ఎందుకు ఉండకూడదు?

"పాస్టర్లకు రాజకీయం ఎందుకు?" నాబోతు విషయంలో ఏలీయా నోరు మూసుకుని ఉంటే ఈ ప్రశ్నకు విలువ ఉండేది.

మేము అడుగుతున్నవి

ఒకటి, మురుగు ముందు, పడవ తరువాత. శుద్ధి కాని మురుగు ఒక్క నాలా నుంచి కూడా మూసీలోకి రాకుండా చేశాకే విహారం మాట ఎత్తాలి. ఆ శుద్ధిని నగరం మధ్యలో కాదు, నల్గొండ పొలాల దగ్గర కొలవాలి.

రెండు, 2013 భూసేకరణ చట్టం చెప్పిన సామాజిక ప్రభావ అధ్యయనాన్ని మనసుపెట్టి జరిపించి, తెలుగులో, ఉర్దూలో బస్తీ సభల ముందు చదివి వినిపించాలి. గోడ మీద రంగు వేయడం దాని తరువాతే.

మూడు, కదలక తప్పనివాళ్లకు పని దగ్గరే ఇల్లు ఇవ్వాలి, ఆడవాళ్ల పేరు మీద పట్టా ఇవ్వాలి. బడి సంవత్సరం మధ్యలో ఎవరినీ కదపకూడదు. అద్దెకున్నవాళ్లను లెక్కలోంచి జారవిడవకూడదు.

నాలుగు, చాకిరేవులవాళ్లకు, గడ్డి రైతులకు, జాలరులకు, తోపుడుబండ్లవాళ్లకు కొత్త ఒడ్డు మీద మొదటి హక్కు ఉండాలి.

ఐదు, కృష్ణ మీదైనా గోదావరి మీదైనా హుస్సేన్ సాగర్‌లోనైనా, ఏ పడవకైనా లైసెన్సు, లైఫ్ జాకెట్లు, సరిపడినంతమందే ప్రయాణికులు, నీటిమట్టం పెరిగితే ప్రయాణం రద్దు. వీటిలో ఒక్కటి తప్పినా పడవ కదలకూడదు. రక్షక బృందాల్లో స్థానిక పడవవాళ్లకు జీతంతో చోటు ఇవ్వాలి.

సంఘాలకు ఒక మాట

యువజన కూడికలకు, పెళ్లిరోజులకు, పాస్టర్ల సదస్సులకు పడవ బుక్ చేయడం మన సంఘాల్లో కూడా ఫ్యాషనవుతోంది. వెళ్లవద్దని మేము అనం. అడ్వాన్సు కట్టేముందు ఆ రేవు ఎవరి ఇళ్ల చోట కట్టారో, పనివాళ్లకు ఎంత జీతం ఇస్తున్నారో, పడవ కడిగిన మురికినీళ్లు ఎక్కడికి పోతున్నాయో అడగండి. ఇరవై మంది యువకులు ఒక టికెట్ కిటికీ ముందు నిలబడి ఈ మాటలు అడిగితే అది కూడా ఒక సాక్ష్యమే.

హైదరాబాదులోని సంఘాలు ఇంకొంచెం ముందుకు రావాలి. మందిరాలకు హాళ్లున్నాయి, చదువుకున్న సభ్యులున్నారు, వకీళ్లున్నారు. ఒక శనివారం బస్తీకి వెళ్లి కాగితాలు చూసిపెట్టండి, నోటీసులు చదివి వినిపించండి, అర్జీలు రాసిపెట్టండి. ఇల్లు పోయిన కుటుంబానికి నాలుగు రాత్రులు హాలు తలుపు తెరవండి. వాళ్లలో మన సంఘస్థులు ఎందరని అడగవద్దు. గాయపడినవాడి మతం ఏమిటని మంచి సమరయుడు అడగలేదు. మసీదు కమిటీతో, గుడి పెద్దలతో, బస్తీ మహిళా సంఘంతో కలిసి కూర్చోండి.

ప్రభువు చెప్పిన గొప్ప విందు ఉపమానం మనం ఎన్నోసార్లు ప్రసంగించాం. పిలిచినవాళ్లు రాకపోతే యజమాని దాసుణ్ణి సందుగొందుల్లోకి పంపి పేదలను, కుంటివారిని, గుడ్డివారిని తెమ్మన్నాడు. బల్ల నిండేదాకా ఊరుకోలేదు. మన నగరాల విందు అందుకు తలకిందులుగా నడుస్తోంది. సందుల్లో ఉన్నవాళ్లను ముందు బయటికి పంపి, తరువాత బల్ల వేస్తున్నారు.

యెహెజ్కేలు గ్రంథం 47వ అధ్యాయంలో ఆలయం గడప కింద నుంచి ఒక నది పారుతుంది. చీలమండల దాకా, మోకాళ్ల దాకా, నడుము దాకా లోతవుతుంది. అది చేరిన చోటల్లా నీళ్లు బాగుపడతాయి. ఆ నది ఒడ్డున ప్రవక్తకు కనపడినవాళ్లు జాలరులు. వాళ్లు వలలు ఆరబెట్టుకుంటున్నారు. ఒడ్డున చెట్ల పండ్లు అందరికీ ఆహారం, ఆకులు అందరికీ మందు. దేవుడు బాగుచేసిన నదికి పనిచేసుకునే మనుషులు అడ్డు కాలేదు.

మూసీ మీద పడవ తిరిగే రోజు రావాలని మాకూ ఉంది. ఆ రోజు మూసా నగర్ కుటుంబం ఒకటి టికెట్ కొనుక్కుని ఆ పడవ ఎక్కి, తమ ఇంటి కిటికీలో వెలిగే దీపాన్ని నది మీద నుంచి పిల్లలకు వేలితో చూపించగలగాలి. అప్పటిదాకా ఆ విందుకు ఆశీర్వాద ప్రార్థన చేయమని మమ్మల్ని పిలవకండి.